పన్ను ఎవరి మాట వింటుంది

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది, కణజాలాన్ని పలుచగా కోసే మైక్రోటోమ్‌లో బ్లేడు ఏ కోణంలో బిగించాలని. అది యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనివి కొన్ని ఉన్నాయి. ఇది వాటి కోసం రాస్తున్నాను.

నా పని హిస్టాలజీ. కణజాలాన్ని మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదో వంతు పలుచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూసేవాళ్ళకు అందించడం. నగరంలో ఒక కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే చేశాను. 2009లో శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు పరిశోధన ల్యాబులో చేరి, 2014లో అక్కడే రిటైరయ్యాను. ఆ ఐదేళ్ళూ మేం వెంటపడింది ఒకే ప్రశ్న: ఎలుక పిండంలో పన్ను ఎలా పుడుతుంది? నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా పనికి పోయిన రోజులు వేరే లేవు. నేను చేసిన అతి పెద్ద తప్పు కూడా ఆ రోజుల్లోదే.

వీపు ఆనించని మనిషి

నా పేరు సుభద్రాదేవి. మేడ్చల్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు మా తాతగారి మాటే చట్టం. నాకు ఊహ తెలిసేసరికి ఆ మాట వినేవాళ్ళు లేరు, చెప్పుకోవడానికి భూమి లేదు. మా అమ్మ మాత్రం ఏమీ మారనట్టే మమ్మల్ని పెంచింది. కుర్చీలో కూర్చుంటే వీపు ఆనించకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఒకరి దగ్గరికి మనం పోకూడదు, వాళ్ళే మన దగ్గరికి రావాలి.

మొదటిది నాకు అన్నం పెట్టింది. ఆరు గంటలు నిటారుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, మైనపు రిబ్బను తెగకుండా కోయగలిగేదాన్ని. మా డైరెక్టరు డాక్టర్ రంగనాథ్ గారు బయటివాళ్ళకు నా స్లైడ్లు చూపించి, "మడత ఎక్కడైనా ఉంటే చూపించండి," అనేవారు. ఎవరూ చూపించలేకపోయారు. నా వెనక నన్ను "దొరసాని" అనేవారని నాకు తెలుసు. కోపం రాలేదు. నిజం చెప్పాలంటే నచ్చేది.

మూడోది ఒక అమ్మాయిని దాదాపు ల్యాబు నుంచి పంపించేసేది.

పై పొర, లోపలి పొర

పన్ను సంగతి చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. చదువుకున్నవాళ్ళు ఈ భాగం దాటేయవచ్చు.

పిండం దవడలో మొదట పన్ను ఏమీ ఉండదు. పైన చర్మం లాంటి పలుచని పొర, దాని కింద వదులైన కణాల పొర ఉంటాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక పొర కణాలు ప్రోటీన్లు వదులుతాయి, అవతలి పొర కణాలు వాటిని అందుకుని తమ పని మార్చుకుంటాయి. ఇదే సంకేతం. పైపొర ఒకచోట మందమై లోపలికి మొగ్గలా దిగుతుంది. మొగ్గ టోపీలా, తరువాత గంటలా మారుతుంది. టోపీ నడుమ చిన్న కణాల ముడి ఒకటి తయారవుతుంది. పన్ను మీద ఏ మొన ఎక్కడ లేవాలో చుట్టూ ఉన్న కణాలకు చెప్పి, పని కాగానే ఆ ముడిలోని కణాలు చచ్చిపోతాయి. పేరు కూడా మిగుల్చుకోకుండా పోయే ఆ ముడి అంటే నాకు మొదటి నుంచీ గౌరవం.

అన్నిటికంటే చిత్రమైన సంగతి ఇంకొకటి. మొదట్లో ఆజ్ఞ పైపొరది. "ఇక్కడ పన్ను మొలవాలి" అని అదే చెబుతుంది. సుమారు పన్నెండో రోజుకు వచ్చేసరికి ఆ అధికారం కిందపొరకు పోతుంది. ఇక మీదట ఆజ్ఞ దానిది, పైపొర వినాలి.

దీన్ని మా పరిశోధక విద్యార్థిని శ్రవంతి నాకంటే బాగా చెప్పేది. శ్రవంతిది గుండ్లపోచంపల్లి. వాళ్ళన్న అక్కడ ప్లాట్లు అమ్ముతాడు. "మా ఇంట్ల లెక్కనే మేడమ్," అనేది. "మా అమ్మ పెండ్లైన కొత్తల అంత మా నాయనమ్మ జెప్పినట్టే. పన్నెండేండ్లైనంక మా నాయనమ్మ, 'ఏం కూర వండమంటవే' అని మా అమ్మను అడగవట్టింది. ఏ దినం మారిందో ఇద్దరికీ తెల్వది."

ఏ దినం మారుతుందో తెలుసుకోవడమే శ్రవంతి పని. పదకొండు రోజుల పిండం నుంచి దవడ పైపొరను విడదీసి, ఒక డిష్‌లో, అదే వయసు పిండంలో పన్ను ఎన్నడూ రాని మెడ వైపు కణాల మీద పెడుతుంది. పన్ను మొలిస్తే ఆజ్ఞ పైపొర దగ్గరుందన్నమాట. ఇంకో డిష్‌లో దవడ కిందపొర మీద కాలి చర్మం పెడుతుంది. దాంట్లో మొలిస్తే ఆజ్ఞ కిందపొరదన్నమాట. అతికిన ముక్కను పెద్ద ఎలుక కిడ్నీ పొర కింద నాటి రెండు వారాలు పెంచుతారు. తరువాత తీసి నాకు ఇస్తారు. నేను కోస్తే తప్ప అందులో పన్ను ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఇందులో అంతా వయసు మీద ఆధారపడి ఉంది. ఒక రోజు అటో ఇటో అయితే ఆజ్ఞ చేతులు మారిపోతుంది.

నా కార్డు

ఎలుకల గదిని చూసుకునేది గౌస్. అలియాబాద్ మనిషి, నలభై దాటినవాడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. 2011లో చేరాడు. అంతకు ముందున్న నర్సింలు నాలుగింటికే ఆడ, మగ ఎలుకల జతలు కలిపి బస్సుకు పోయేవాడు. గౌస్ అలా కాదు. సాయంత్రం నమాజు చేసుకుని, ఆఖరి పనిగా జతలు కలిపి, తాళం వేసి పోయేవాడు. పొద్దున్నే వచ్చి, కలిసిన గుర్తు కనిపించిన ఆడ ఎలుకను వేరే పెట్టి, కార్డు మీద టిక్కు పెట్టేవాడు.

ఆ కార్డు నేను తయారు చేసింది. తేదీలైతే అందరూ తప్పు రాస్తున్నారని, ఏడు రోజులకొక రంగు కార్డు పెట్టి, మీద సోమవారమో మంగళవారమో, వారం పేరు మాత్రం రాయమన్నాను. ఏ రాత్రి జత కలిస్తే ఆ వారం. మరుసటి రోజు మధ్యాహ్నానికి పిండం వయసు అరరోజని లెక్కపెట్టి, వయసు నేనే రాసేదాన్ని. ఆ కార్డు నాకు గర్వంగా ఉండేది. ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు.

కార్డులు ఎలుకల గది గుమ్మం దగ్గర అందుకునేదాన్ని. ఐదేళ్ళలో మొదటి మూడేళ్ళూ లోపలికి అడుగు పెట్టలేదు. గౌను వేసుకోవాలి, నెత్తికి టోపీ పెట్టుకోవాలి, ఒంగి బూట్లకు తొడుగులు కట్టుకోవాలి. ఐదింటికి స్టాఫ్ బస్సు ఉండేది. అందులో నా సీటు ఉండేది.

తలకిందులు

2012లో శ్రవంతి ఫలితాలు రావడం మొదలైంది. అన్నీ తలకిందులుగా వచ్చాయి. పన్ను మొలవాల్సిన ముక్కలో వట్టి చర్మం, తిత్తులు. మొలవకూడని ముక్కలో చక్కని పన్ను. మొదటిసారి నవ్వుకున్నాం. రెండోసారి రంగనాథ్ గారు నవ్వలేదు. నాలుగోసారి మీటింగులో ఆయన పెన్ను మూసి బల్ల మీద పెట్టారు.

"శ్రవంతీ, నీ చేతిలో ఏదో లోపం ఉందమ్మా. డిష్‌లు తారుమారు చేస్తున్నావు. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తరవాత ఈ పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

ఆయన చెడ్డవారు కాదు. తెలివైన బాసుల్లో ఒక జబ్బు ఉంటుంది: కారణం త్వరగా దొరకాలి. అందరికంటే చిన్నవాళ్ళ దగ్గర అది త్వరగా దొరుకుతుంది.

శ్రవంతి తన పుస్తకం తెరిచింది. "సార్, పిండం వయసే తప్పుంటే?"

ఆయన నా వైపు చూశారు. నేను కుర్చీకి ఆనకుండా కూర్చుని ఉన్నాను.

"వయసు నా కార్డు నుంచి వస్తుంది," అన్నాను. "అందులో తప్పు రాదు."

ఆ ఒక్క మాటతో ఆ పిల్ల పని అయిపోయినట్టే. మీటింగు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏం లేదు మేడమ్. మా అన్న ఆఫీసుల కుర్సీ ఒకటి ఖాళీ ఉన్నదంట. ప్లాట్ నంబర్లు రాసే పని. ఆడైతే తారుమారు జేస్తె మంచిగ గిరాకి గూడ వస్తదంట." నవ్వుతూనే అంది. ఏడాదిన్నర పని పోతున్న మనిషి నవ్వు అది.

వేళ్ళ గీతలు

సిగ్గుతో రాస్తున్నాను. అంతకు నెల ముందే ఆమె నాకు సంగతి చూపించింది. నేను చూడలేదు.

పిండాలు తీస్తూ నన్ను పిలిచింది. "మేడమ్, జర ఇటు సూడండ్రి. పదకొండున్నర దినాలైతే చెయ్యి గరిటె లెక్కుండాలె. వీనికి వేళ్ళ గీతలు వడ్డయి."

చూశాను. నిజమే, పడ్డాయి. "తల్లి బలమైంది. తిండి బాగుంది," అన్నాను.

"ఎలుకకు సుత దొరల తిండేనా మేడమ్?"

నవ్వి నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను. పనిలో మీ కంటికి కనిపించినదానికి, మీ కాగితం మీద ఉన్నదానికి తేడా వస్తే, "తల్లి బలమైంది" లాంటి మాట మీ నోటికి కూడా వస్తుంది. అలాంటి మాట వచ్చినప్పుడు పని ఆపేయండి.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా, అదే తల్లి పిండాల్లో ఒకదాని తల నా మైనం దిమ్మెలో వచ్చింది. కోశాను, రంగు వేశాను, పెట్టి చూశాను. మూతి మీద మీసాల గుంటలు మొదలయ్యాయి. దవడలో పైపొర మందమై ఊరుకోలేదు, మొగ్గయి లోపలికి దిగింది. పదకొండున్నర రోజులకు ఇవేవీ ఉండవు. పన్నెండున్నరకు ఉంటాయి. ఇలాంటి తలలు కొన్ని వేలు కోశాను నేను. ఒకదానికైతే బలమైన తల్లి అనుకోవచ్చు. పాత స్లైడ్ల పెట్టె దించాను. శ్రవంతి ఏడాదిన్నర పనిలో ప్రతి తల్లి నుంచీ దాచిన పిండం తల స్లైడ్లు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి చూశాను. అన్నీ ఒక రోజు పెద్దవే.

స్లైడు అబద్ధం చెప్పదు. మరి చెబుతున్నది కార్డు. కార్డు నాది.

రాత్రి ముందు, పగలు వెనక

ఆ సాయంత్రం ఐదింటి బస్సు ఎక్కలేదు. పొద్దు గూకాక ఒంగి బూట్లకు తొడుగులు కట్టుకున్నాను. నన్ను లోపల చూసి గౌస్ చేతిలోని బుట్ట కింద పెట్టాడు.

"అమ్మా, మీరా? ఏమన్న పరేషానా?"

"ఏం లేదు. జతలు ఎప్పుడు కలుపుతవో చూద్దామని వచ్చిన."

"ఇగ ఇప్పుడే. మగ్రిబ్ నమాజ్ అయింది. లైట్లు బంద్ అయితయి, ఆళ్ళకు గప్పుడే ఉషారు." జత కలిపాడు. కార్డు తీసుకున్నాడు. గుండ్రని అక్షరాలతో 'గురువారం' అని రాశాడు.

"గౌస్, ఇవ్వాళ బుధవారం కదా."

"పొద్దు గూకేదాంక బుధవారమే అమ్మా. గిప్పుడు జుమేరాత్ జొచ్చింది."

"గురువారం రేపు కదా."

"పగలు రేపొస్తది. దాని రాత్రి గిదే." నాకు తెలియకపోవడం అతనికి వింతగా ఉంది. "రాత్రి ముందొస్తది, పగలు ఎన్కొస్తది. మాకు సాయంత్రం సంది దినం షురువైతది. నెలవంక కండ్లవడ్డ రాత్రే రంజాన్ నెల జొరవడ్తది గద. మీ ఇంట్ల ఎట్లమ్మా?"

మా ఇంట్లో ఎలాగో చెప్పాను. సూర్యుడు వస్తేనే కొత్త రోజు. తెల్లవారుజామున నాలుగింటికి పుట్టిన పిల్లకు కూడా జాతకంలో ముందటి రోజు వారమే వేస్తారు.

గౌస్ ఆలోచించాడు. "అయితే గీ రాత్రి మీకు బుధవారం కిందికొస్తది. మాకు గురువారం కిందికి. ఎలుకల ఇంట్ల ఎట్లనో మనం అడగకపోతిమి."

నాకు నవ్వు వచ్చింది. ఆ గదిలో, ఆ టోపీ పెట్టుకుని, ఒక్కదాన్నే చాలాసేపు నవ్వాను. అతను కంగారు పడ్డాడు.

"తప్పైందా అమ్మా? మీరు ఏ రాత్రి కలిపితే ఆ వారం రాయుమన్నరు. వచ్చిన్నాటి సంది గట్లనే రాస్తున్న."

"నువ్వు సరిగానే రాసినవు. నేను ఎన్నడూ అడగలేదు."

నర్సింలు ఉన్నప్పుడు ఈ తేడా ఎందుకు రాలేదంటే, అతను పొద్దుండగానే పోయేవాడు. అప్పట్లో మేం చూసినవి కూడా పెద్ద పిండాలు. ఒక రోజు తేడా పట్టేవి కావు. గౌస్ వచ్చాక, శ్రవంతి వచ్చాక, ఆ ఒక్క రోజే అన్నీ అయింది. నేను ఒక్కసారి లోపలికి వచ్చి అరగంట నిలబడి ఉంటే ఇదంతా జరిగేది కాదు. వాళ్ళే మన దగ్గరికి రావాలన్న అమ్మ మాట ఇంట్లో సరే, ల్యాబులో పనికి రాదు. మీ చేతికి వచ్చే సరుకు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి మీరే నడిచి వెళ్ళండి. సరుకు అందించే మనిషి ఎలా లెక్కపెడతాడో కూర్చుని వినండి.

నిలబడి చెప్పాను

మరునాడు మీటింగు పెట్టమని నేనే అడిగాను. పదిహేను మంది వచ్చారు. రాత్రంతా ఆ వాక్యాన్ని ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాను. "కార్డులో చిన్న అస్పష్టత" అన్న మాట ఒకటి దొరికింది. చాలా బాగుంది. దాన్ని వదిలేశాను.

"శ్రవంతి డిష్‌లు తారుమారు చేయలేదు," అన్నాను. "నేను పిండాల వయసు ఒక రోజు తక్కువ రాశాను. ఏడాదిన్నరగా రాస్తున్నాను. మొన్న మీటింగులో తప్పు రాదన్నాను. ఆ మాటా తప్పే."

రంగనాథ్ గారు లేచి తెల్లబోర్డు దగ్గరికి వెళ్ళారు. శ్రవంతి పుస్తకం తీసుకుని, ప్రతి వయసుకు ఒక రోజు కలిపి, ఫలితాలు మళ్ళీ వరసగా రాశారు. మూడో వరసకు వచ్చేసరికి ఆయన చేయి వేగం పెరిగింది. తలకిందులుగా ఉన్నవన్నీ లేచి నిలబడ్డాయి. పన్నెండున్నర రోజుల దగ్గర పైపొరకు అధికారం లేదు, కిందపొరకు ఉంది. ఉండాల్సింది అలాగే. ఇంకా చిన్న వయసనుకుని చేసిన డిష్‌లకు కూడా ఒక రోజు కలపగానే, అధికారం చేతులు మారే వేళకు ముందూ వెనకా లెక్క దొరికింది. కావాలని వెతికినా అంత దగ్గర దగ్గర వయసులు ఎంచుకోగలిగేవాళ్ళం కాదు.

"చేతులు మంచివేనమ్మా నీవి," అన్నారు ఆయన, బోర్డు వైపే చూస్తూ. "తప్పంతా మా నోళ్ళది."

"అంటే సార్, ఇగ పోవద్దా?"

"ఎక్కడికి పోతావు? రాయాల్సింది చాలా ఉంది."

శ్రవంతి నా పక్కన కూర్చుంది. మెల్లగా అంది: "మేడమ్, మీ నోట తప్పన్న మాట ఇంటుంటె నాకే భయమైంది. నడుం నొస్తలేదు గద?"

"నోరు మూసుకో," అన్నాను. నొప్పి లేదు. చాలా తేలిగ్గా ఉంది.

గౌస్‌ను పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకుంటూ వచ్చాడు. రంగనాథ్ గారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మీ లెక్కే మంచిది గౌస్ గారూ. జత కలిసిన రాత్రి, గుర్తు కనిపించిన పొద్దున, రెండూ ఒకే రోజు కిందికి వస్తాయి. ఇక నుంచి అందరం ఇట్లాగే రాద్దాం. పక్కన తేదీ, గంట కూడా వేద్దాం," అన్నారు. అప్పటి నుంచి నేను రిటైరయ్యే దాకా ఆ ల్యాబులో రోజు పొద్దు గూకాకే మొదలయ్యేది.

ముందు పన్ను

ఏడాది తరువాత సంగతి చెప్పి ముగిస్తాను. వయసుల లెక్క సరిపడ్డాక శ్రవంతి తను మొదటి నుంచీ చేయాలనుకున్న ప్రయోగం మొదలుపెట్టింది. పిండం దవడ ముందు భాగంలో పైపొర పంపే ఒక సంకేతం వల్ల అక్కడ ఉలి లాంటి ముందు పన్ను వస్తుంది. వెనక వేరే సంకేతం ఉండి దవడ పన్ను వస్తుంది. ముందు సంకేతాన్ని అడ్డుకునే ప్రోటీనులో ఇసుక రేణువంత పూసను నానబెట్టి, ముందు భాగంలో పెట్టి, అక్కడ ఏ పన్ను వస్తుందో చూడాలి. పెట్టాల్సిన వయసు దాటితే ఏమీ జరగదు. ఈసారి వయసు దాటలేదు.

ముక్క నా దగ్గరికి వచ్చింది. పన్నులోని సున్నం కరిగేదాకా ద్రావణంలో ఉంచి, మైనం పోసి, కోశాను. రిబ్బను నీళ్ళ మీద పరుచుకుంది. రంగు వేసి చూశాను. ముందు పన్ను ఉండాల్సిన చోట, మొనలతో, నడుమ లోయతో, దవడ పన్ను ఉంది.

శ్రవంతిని పిలిచాను. చూసి, ఒక్కో మొననూ లెక్కపెట్టింది. తరువాత గౌస్‌ను పిలిపించాను. కళ్ళద్దాలు తీసి, ఒక కన్ను మూసి చూశాడు.

"అమ్మా, గిది నమిలే పన్ను లెక్కున్నది."

"కొరికే పన్ను కావాల్సింది. నమిలే పన్నయింది."

"గట్లయితే దానికి గీ మాట ఎవరు జెప్పిన్రు?"

"ఎవరూ జెప్పలే గౌస్ భాయ్," అంది శ్రవంతి. "కొరుకుమని జెప్పేటోళ్ళ నోరు మూసినం. అంతే."

స్లైడు అంచున పిండం వయసు రాయాల్సి ఉంది. పెన్సిలు తీసి గౌస్ చేతికిచ్చాను.